అమ్మ ప్రార్థన ఆగిపోయిన ఏడాది

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అల్మారా సర్దుదామని కూర్చున్నాను. ఉద్యోగంలో ఉండగా బడికి కట్టుకున్న నేత చీరలు, రిటైరైన రోజు తోటి టీచర్లు పెట్టిన పోచంపల్లి చీర, క్రిస్మసు క్రిస్మసుకీ మా ఆయన కొని తెచ్చిన తెల్లచీరలు, అన్నీ తీసి మంచం మీద పేర్చి, పక్కన నిలబడి చూస్తున్న కోడలితో, ఇవన్నీ నువ్వే తీసుకోమ్మా, నాకెందుకింక అన్నాను. కోడలు మురిసిపోయింది. పోచంపల్లి చీర భుజం మీద వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. నేను మాత్రం మంచం కోడు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మాట నా నోట్లోంచే వచ్చింది, కానీ ఆ మాట నాది కాదు. చాలా ఏళ్ళ కిందట కొత్తగూడెం క్వార్టర్లలో మా అమ్మ సరిగ్గా ఇదే మాట, ఇంతే నెమ్మదిగా అనగా విన్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తొచ్చింది.

కోడలు చీరలు తీసుకుని వెళ్ళాక బాల్కనీలో కూర్చుని గడిచిన నెలలన్నీ వెనక్కి తిప్పుకున్నాను. చర్చిలో అందరితో పాటు నిలబడతాను గాని పాటకి నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో! ఫోను మోగితే బోర్లా పెట్టేయడం ఎప్పుడు అలవాటైందో! కొత్త ఆవకాయ కలిపిన రోజున కూడా నోరు ఊరలేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది, గుండెల మీద ఎవరో బరువు పెట్టినట్టు ఉంటుంది. ఇవన్నీ వయసు తెచ్చేవేనని ఊరుకున్నాను. మన ఈడు వాళ్ళం అందరం అలాగే అనుకుంటాం కదా, మోకాళ్ళ నొప్పుల పక్కన ఇదీ ఒకటని. కానీ నేను అలా అనుకోకూడని మనిషిని. ఎందుకంటే ఆ జబ్బుని ఒకసారి ఒకే ఇంట్లో ఉండి, దగ్గరగా చూశాను. దాని నడక నాకు తెలుసు.

మా అమ్మ బైబిలు స్త్రీ. ఈ కాలం పిల్లలకి ఆ మాట కొత్తగా ఉంటుంది. మిషను వాళ్ళ తరఫున ఊరూరా తిరిగి ఆడవాళ్ళని కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పడం, పాటలు నేర్పడం, జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థించడం, చదువు రానివాళ్ళకి అక్షరాలు దిద్దించడం ఆమె ఉద్యోగం. కారేపల్లి చుట్టుపక్కల ఊళ్ళు మొదలుకుని భద్రాచలం వైపు అడవిలో ఉండే కోయ పల్లెల దాకా ఆమె కాలు పడని దారి లేదు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఎవరి దగ్గర వదలాలో తెలియక సెలవుల్లో నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళేది. చంకలో గుడ్డసంచి, చేతిలో నల్లగొడుగు, కాళ్ళకి టైరు చెప్పులు. ఆమె ఊరి పొలిమేరలో ఉండగానే బైబిలమ్మ వస్తున్నదంటూ కేకలు వినపడేవి.

ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ అడవిదారి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పపువ్వు తియ్యటి వాసనకి ఎలుగుబంట్లు వస్తాయి. పువ్వు ఏరుకునే కోయ ఆడవాళ్ళు గుంపులుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళేది అందుకే. మేమేమో ఇద్దరమే. ఎక్కడైనా ఎండుటాకు కదిలితే చాలు, నేను అమ్మ కొంగులో దూరేదాన్ని. అప్పుడు అమ్మ పాట ఎత్తుకునేది. మైకు లేకుండా ఊరి చివరిదాకా వినిపించే గొంతు ఆమెది. మనిషి సడి ముందే తెలిస్తే ఎలుగు తప్పుకుని పోతుందట, అందుకని పాడేది. నాకు మాత్రం ఆ పాట వినగానే అడవిలో ఉన్నవన్నీ మాకు దారిచ్చి పక్కకి జరిగినట్టే ఉండేది. చిన్నతనమంతా నా భయానికి మందు ఆ గొంతే.

నాకు టీచరు ట్రైనింగు అయి, కొత్తగూడెంలో ఉద్యోగం వచ్చి, బొగ్గుగనిలో పనిచేసే ఆయనతో పెళ్ళయి, గని క్వార్టర్లలో కాపురం పెట్టి, మా అబ్బాయి పుట్టిన తర్వాత అమ్మ మా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి, చెవులు మందగించాయి. ఇక విశ్రాంతి తీసుకోమని మిషను వాళ్ళు శాలువా కప్పి, ఆమె పనిని పొగిడి, పంపించారు. ఆ పొగడ్తలు కూడా ఆమెకి సగం వినపడలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ క్వార్టర్ల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వరసగా అంటుకుని ఉండే ఇళ్ళు, ఒక్క గోడకి అటొక కాపురం ఇటొక కాపురం, వాకిళ్ళలో బొగ్గుల పొయ్యిలు, షిఫ్టు షిఫ్టుకీ కూసే సైరను. ఒకరింట్లో మిరపకాయలు వేయిస్తే వరసంతా దగ్గేవాళ్ళం. మా పక్క ఇంట్లో ఉండే ముస్లిం ఆవిడని చిన్నా పెద్దా అందరం ఖాలా అని పిలిచేవాళ్ళం. ఆవిడ భర్త మా ఆయన షిఫ్టులోనే పనిచేసేవాడు. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కుడుతూ మాట్లాడేది, మాట్లాడుతూ కుట్టేది, రెండూ ఎప్పుడూ ఆగేవి కావు.

అమ్మ వచ్చిన కొత్తలో బాగానే ఉంది. ఆ చలికాలంలో మొదటిసారి కడుపులో మంట అంది. దవాఖానాలో చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు. తర్వాత ఒళ్ళంతా సలుపు అంది, ఆ తర్వాత నాలిక చేదు అంది. మనసు బాగాలేదని చెప్పుకోవడానికి మన అమ్మల దగ్గర మాటలుండేవి కావు. కడుపు, నడుము, తల, ఇవే వాళ్ళు పలికించగలిగిన బాధలు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. తల దువ్వుకోవడం మానేసింది. ఎవరైనా పలకరిస్తే వినపడక ఒకటి అడిగితే ఒకటి చెప్పేది, వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమె చిన్నబోయేది. అలా అలా పలకడమే తగ్గించేసింది. ఆదివారం చర్చికి రమ్మంటే, పోయి ఏం జేసేది బిడ్డా, అయ్యగారి మూతి కదులుడు చూసుడే గదా అంది. సరదాకి అందనుకుని నవ్వాను కూడా.

మా ఆయన మొదటి షిఫ్టుకి బయల్దేరే ముందు రోజూ అమ్మ ప్రార్థన చేసేది. గనిలోకి దిగే మనిషి తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డని క్షేమంగా పైకి తీసుకురమ్మని అడగందే గడప దాటనిచ్చేది కాదు. ఒక ఉదయం ఎప్పటిలాగే ఆయన టోపీ చేత్తో పట్టుకుని ఆమె ముందు తల వంచాడు. అమ్మ చెయ్యి పెట్టింది. మాట రాలేదు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. సైరను కూసింది. ఆయన కాసేపు చూసి, నా వంక చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను అమ్మ పక్కన కూర్చుని, ఏమైందమ్మా అని చెవిలో అడిగాను.

"ప్రార్థన వస్తలేదు బిడ్డా," అంది నేల చూస్తూ. "లోపల ఏం లేదు. దేవుడు నన్ను ఇడిసిపెట్టి ఎటో పోయిండు."

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన భయాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఎవరో చచ్చిపోయారని వార్త తెచ్చినవాళ్ళు ఎలా చెబుతారో అలా చెప్పింది, ఏడుపు లేకుండా, ఒక సమాచారంలాగా. ఆ రోజంతా బడిలో పిల్లలకి ఎక్కాలు చెబుతూనే రెండు వైపులా భయపడ్డాను, ప్రార్థన లేకుండా భూమిలోకి దిగిన మనిషి కోసం ఒకవైపు, ఇంట్లో గోడకేసి కూర్చున్న మనిషి కోసం ఒకవైపు. బడి వదిలాక ఇంటికి వస్తే మా ఆయన షిఫ్టు దిగి మసిముఖంతో వాకిట్లో ఉన్నాడు, చెయ్యి పట్టుకుని చూసుకున్నాను. అమ్మ మాత్రం తలెత్తి చూడలేదు.

మాకు తెలిసినవన్నీ చేశాం. చర్చి అయ్యగారు మంచి మనిషి, వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు ప్రార్థించాడు. సంఘంలోని ఆడవాళ్ళు ఉపవాసముండి ప్రార్థన పెట్టారు. అందులో కొందరు వెళ్తూ వెళ్తూ, ఇంతకాలం దేవుని పని చేసిన మనిషికి ఇదేంది, ఒప్పుకోని పాపమేదో లోపల ఉండి ఉంటదని వాకిట్లో గుసగుసలాడుకున్నారు. ఇంకొకామె, అడవుల్లో తిరిగిన మనిషి గదా, ఏదో గాలి సోకి ఉంటది అంది. ఖాలా తన నమ్మకం కొద్దీ దర్గాకి పోయి, దారం తెచ్చింది. అమ్మ ఒకప్పుడు ఇలాంటి తాళ్ళ గురించి ఊళ్ళకి ఊళ్ళతో వాదులాడిన మనిషి. ఒద్దంటుంది, కనీసం కోప్పడుతుంది అనుకున్నాను. ఒక్క మాట అనకుండా చెయ్యి చాపింది. ఖాలా కట్టింది. కట్టిన దారం వంక అమ్మ చూడనైనా లేదు. అన్నం తినకపోవడం కన్నా, ప్రార్థన ఆగిపోవడం కన్నా, ఆ చాపిన చెయ్యి నన్ను ఎక్కువ భయపెట్టింది. వాదించడానికి కూడా లోపల ఎవరూ మిగల్లేదని అర్థమైంది.

ఆ తర్వాత ఇవ్వడం మొదలుపెట్టింది. గొడుగు పాలు పోసే ఆమెకి ఇచ్చింది. ఉన్ని శాలువా, అదే మిషను వాళ్ళు కప్పింది, ఎదురింటి ముసలాయనకి ఇచ్చింది. రెండు చీరలు ఉంచుకుని మిగిలినవి పంచిపెట్టింది. ఎందుకమ్మా అంటే, నాకెందుకు బిడ్డా ఇంక అనేది. అందరూ ఆమె పెద్దమనసు చూసి మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇల్లు ఖాళీ చేసే మనుషులు సామాను తీసేస్తున్నట్టు అనిపించేది. అనిపించిన దాన్ని మాటలో పెట్టడానికి ధైర్యం చాలేది కాదు. అంటే నిజమైపోతుందేమోనని.

ఎండలు ముదిరి ఒంటిపూట బళ్ళు పెట్టిన రోజుల్లో ఒకనాడు బడి వదిలాక ఇంటికి వచ్చాను. మా అబ్బాయి మా అత్తగారింట్లో ఉన్నాడు. వాకిలి తలుపు మూసి ఉంది. మా వరసలో పగలు తలుపు మూసుకునే అలవాటు ఎవరికీ లేదు. తోశాను, లోపల గడియ వేసి ఉంది. అమ్మా అని పిలిచాను. ఆమెకి వినపడదని తెలిసీ పిలిచాను. తలుపు బాదాను. పెరటి వైపు పరుగెత్తాను, అక్కడా గడియే. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. కాళ్ళ కింద మట్టి కాలుతోంది, చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు. మా ఆయన భూమిలోపల ఉన్నాడు, కేకేస్తే వినపడే చోటు కాదు. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఖాలా మిషను ఆపి వచ్చింది. వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ వచ్చారు. ఖాలా నన్ను ఒక్క చూపు చూసి, వాళ్ళింట్లోంచి రోకలి తెచ్చి పెరటి తలుపు గడియ ఉన్నచోట మోదడం మొదలుపెట్టింది. ఆ దెబ్బలు ఇప్పటికీ నా పక్కటెముకల్లో ఉన్నాయి. గడియ ఊడింది. అందరికన్నా ముందు నేనే లోపలికి వెళ్ళాను, ఖాలా వెనక నుంచి భుజాలు పట్టుకుని నడిపించింది.

అమ్మ ట్రంకుపెట్టె వెనక, గోడ మూలలో, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బతికే ఉంది. ఏమీ జరగలేదు. కానీ ఆ మూలలో కూర్చుని ఏం ఆలోచిస్తోందో, మేము ఇంకాస్త ఆలస్యంగా వస్తే ఏమయ్యేదో, ఆమె ముఖం చూసిన ఏ ఆడదానికీ చెప్పనక్కర్లేకపోయింది. ఖాలా రోకలి కింద పెట్టి, అమ్మ పక్కన కూలబడి, ఆమె తలని తన ఒళ్ళోకి లాక్కుని, దారం కట్టిన చేతిని నిమురుతూ ఏడ్చింది. నేను ఏడవలేకపోయాను. గడియ ఎందుకు పెట్టుకున్నావమ్మా అని మాత్రం అడిగాను. నన్నెవ్వలు చూడొద్దని బిడ్డా అంది.

ఆ రోజు నుంచి నేను అమ్మని ఒంటరిగా వదల్లేదు. నేను బడికి వెళ్ళే వేళకి ఖాలా తన మిషను ఎత్తించుకుని వచ్చి మా ముందుగదిలో పెట్టుకుంది. ఎవరూ అడగలేదు, ఆవిడే నిర్ణయించింది. గడియలన్నీ మా ఆయన ఊడదీసేశాడు. ఇంట్లో ఏది ఎక్కడ ఉండకూడదో అన్నీ తీసి దూరంగా పెట్టేశాం. అయినా బడిలో గంట కొట్టినా, సైరను కూసినా, ఎవరైనా మా వైపు గబగబా నడిచి వస్తున్నా, చెబుతున్న పాఠం ఆపి బయటికి పరుగెత్తేదాన్ని. ఆ స్థితి చూసి మా హెడ్మాస్టరు గారు చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, ఖమ్మంలో మనసు జబ్బులకి మందిచ్చే డాక్టరమ్మ ఉందని చెప్పారు. పిచ్చి డాక్టరు అంటారు గాని పిచ్చివాళ్ళే పోవాలని లేదమ్మా అన్నారు.

ఖమ్మం బస్సులో అమ్మని కిటికీ వైపు కూర్చోబెట్టి, ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. బస్సు వాగు మీద వంతెన దాటినప్పుడల్లా నా పట్టు బిగిసేది. డాక్టరమ్మ ఇంటి ముందు బోర్డు చూడగానే తల మీద కొంగు ముఖం మీదికి లాక్కున్నాను, తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని. అప్పటి మన సిగ్గులు అలాంటివి.

డాక్టరమ్మ నాకన్నా చిన్నది. అమ్మకి వినపడదని తెలియగానే బల్ల అవతల నుంచి లేచి వచ్చి, తలుపు మూసి, అమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. నిద్ర గురించి, అన్నం గురించి, తిరిగిన ఊళ్ళ గురించి చెవి దగ్గర నోరు పెట్టి నిదానంగా అడిగింది. అమ్మ ఊఁ, ఆఁ అంటూ ఉంది. అప్పుడు ఏ తడబాటూ లేకుండా ఇంకో మాట అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తుందా అమ్మా?"

నాకు ఆవిడ నోరు మూసేయాలనిపించింది. లేని ఆలోచన పుట్టిస్తోందేమిటి అనుకున్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు, గడియ ఊడిన రోజున కూడా అనలేదు. అమ్మ డాక్టరమ్మ ముఖంలోకి చూసింది.

"అవ్ బిడ్డా," అంది. "దినాం అనిపిస్తది. గిట్ల ఎవ్వలన్న అడుగుతరేమోనని చూసిన. ఎవ్వలడగలే."

అని ఏడ్చింది. అన్ని నెలల్లో మొదటిసారి ఏడ్చింది, నా వైపు తిరిగి నా భుజం తడిసిపోయేలా ఏడ్చింది. డాక్టరమ్మ ఆపలేదు. తర్వాత నాకు చెప్పింది: ఇది జబ్బు, పాపం కాదు, గాలి కాదు, వయసు కాదు. పెద్దవాళ్ళలో ఇది ఏడుపుగా రాదు, కడుపు మంటగా, నీరసంగా, మాట తగ్గిపోవడంగా వస్తుంది. చెవులు పోయి, పని పోయి, మనుషులు దూరమైన చోట త్వరగా పట్టుకుంటుంది. మందు వెంటనే పనిచేయదు, వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు, ఒంటరిగా వదలొద్దు. చెవులు చూపించండి అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఆ వారాలు ఎలా గడిచాయో నాకే తెలియదు. మాత్ర వేసేదాన్ని, ముఖం చూసేదాన్ని, మార్పు లేదు. ఈ మందు కూడా పనిచేయకపోతే ఇంక పోవడానికి చోటు లేదన్న భయం కొత్తగా వచ్చి కూర్చుంది. ఖాలా మాత్రం జాకెట్లు కుడుతూ, తన పుట్టింటి సంగతులు, అత్తగారి ఆరళ్ళు, చెల్లెలి పెళ్ళిలో బిర్యానీ మాడిన వైనం, అన్నీ అమ్మకి చెబుతూ పోయేది. వినపడదు కదా ఖాలా అంటే, వినపడకపోతే ఏంది, నేను ఈడ ఉన్ననని ఎరుకైతది గదా అనేది.

ఎండాకాలం వెళ్ళేలోగా మా ఆయన చెవి మిషను తెప్పించాడు. జేబులో డబ్బీ, దానికొక తీగ, చెవిలో పెట్టుకునే బిళ్ళ. అమ్మకి ఇష్టం లేకపోయినా ముందుగదిలో కూర్చోబెట్టి పెట్టాం. ఖాలా తన ధోరణిలో మాట్లాడుతూ కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. అమ్మ ఉలిక్కిపడింది. కళ్ళు పెద్దవి చేసి కుట్టుమిషను వంక చూసింది.

"ఈ మిషను గింత మోత జేస్తదా?" అంది. ఖాలా వంక తిరిగి, "ఇన్ని దినాల సంది నాకేం జెప్తున్నవు నువ్వు?" అని అడిగింది.

ఖాలా తొక్కడం ఆపేసింది. "అరే అల్లా," అంది, "మల్ల మొదట్నించి చెప్పాల్నా ఏంది పెద్దమ్మా?"

అమ్మ నవ్విందని రాయాలని ఉంది గాని, నవ్వలేదు. పెదవి ఒక పక్కకి కొంచెం కదిలిందంతే. నాకు అదే చాలు. వంటింట్లోకి వెళ్ళి, కూజా పక్కన నిలబడి, అన్ని నెలలుగా బిగబట్టుకున్న ఏడుపంతా ఏడ్చాను.

మందు వల్లనో, చెవి వల్లనో, ఖాలా పుట్టింటి కథల వల్లనో, అన్నీ కలిసో, అమ్మ మెల్లమెల్లగా తేరుకుంది. ముందు తల దువ్వుకుంది. తర్వాత ఖాలా జాకెట్లకి గుండీలు, హుక్కులు కుట్టడానికి కూర్చుంది. సాయంత్రాలు ఖాలా చెయ్యి పట్టుకుని వరస చివరిదాకా నడిచి వచ్చేది. మళ్ళీ మా ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది గాని, మునుపటి గొంతు రాలేదు, చిన్నగా, తనలో తాను అనుకున్నట్టు చేసేది. కొత్తగా ఇంకొక అలవాటు పట్టుకుంది. క్వార్టర్లలో ముసలివాళ్ళు ఎవరైనా మంచం దిగడం లేదంటే వెళ్ళి పక్కన కూర్చుని, డాక్టరమ్మ తనని అడిగిన మాటే అడిగేది. చెవుడు మనిషి కదా, చిన్నగా అడుగుతున్నాననుకుని వరసంతా వినపడేలా అడిగేది. కొందరు తిట్టి పంపారు. కొందరు మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత ఒక వానాకాలంలో, బాగైంది కదా అని డాక్టరమ్మ మందు తగ్గించిన కొన్నాళ్ళకి, అమ్మ ఉదయం వంటింట్లోకి వచ్చి నా ముంజేయి పట్టుకుంది. "మల్లొస్తున్నది బిడ్డా," అంది. "నాకు ఎరుకైతున్నది. నన్ను జల్దీ డాక్టరమ్మ తానికి తీస్కపో." ఎలుగుబంట్లు తిరిగే దారుల్లో ఆమె ధైర్యాన్ని చూశాను గాని, అంత ధైర్యం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజే వెళ్ళాం. ఆ విడత అంత లోతుకి పోకుండానే పైకి వచ్చింది. ఇంకా చాలా ఏళ్ళు బతికి, అందరిలాగే జ్వరమొచ్చి, తన మంచం మీద, నా చేతిలో నీళ్ళు తాగి పోయింది.

అందుకే మొన్న చీరలు ఇచ్చిన సాయంత్రం నేను ఎక్కువసేపు బాల్కనీలో కూర్చోలేదు. లోపలికి వెళ్ళి మా ఆయనతో, నాకు భయంగా ఉంది అన్నాను. గని మిషన్ల హోరులో పనిచేసి పనిచేసి ఇప్పుడు ఆయనకీ చెవులు సరిగా వినపడవు. "ఏంది?" అన్నాడు టీవీ చూస్తూ. నాకు బతుకు మీద ఇష్టం పోతున్నది, మా అమ్మకొచ్చిందే నాకూ వస్తున్నట్టుంది అని, పక్క ఫ్లాటు వాళ్ళకి కూడా వినపడేలా అరవాల్సి వచ్చింది. అరిచాక సిగ్గేసింది. ఆయన టీవీ కట్టేసి, లేచి చొక్కా తొడుక్కుని, "పా, పోదాం," అన్నాడు. కోడలు చీరలన్నీ తెచ్చి మళ్ళీ అల్మారాలో పెట్టేసింది, కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు మందు వాడుతున్నాను. రోజూ సాయంత్రం ఆయనతో కలిసి నడుస్తున్నాను. నాలికకి రుచి ఇంకా రాలేదు, తెల్లవారుజాము బరువు కొంచెం తగ్గింది. భయం పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు. దానితో పాటే నడుస్తున్నాను.

డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు చుట్టూ చూశాను. నా పక్కన కాలేజీ పిల్ల, అటు పక్కన నా వయసు ఆయన, ఎవరూ ముఖం మీదికి కొంగు లాక్కోలేదు, ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు. మా అమ్మ రోజుల్లో లేనిది ఇది, దీనికి నేను నిండుగా సంతోషిస్తున్నాను. జబ్బుకి పేరుంది, మందుంది, మందు కోసం బస్సెక్కి పోనక్కర్లేదు. కానీ ఒక మనిషి మౌనం పక్కమనిషికి వినపడేంత దగ్గరలో ఇప్పుడు మనం ఎవరమూ బతకడం లేదు. ఎర్రుపాలెంలో ఉండే నా తోటి టీచరు, నాతో పాటే రిటైరైన మనిషి, ఈమధ్య ఫోను తీయడం లేదు. మోగి మోగి ఆగిపోతుంది. వాళ్ళబ్బాయిని అడిగితే, అమ్మ బాగానే ఉంది ఆంటీ, పడుకుంది అంటున్నాడు. బాగానే ఉండొచ్చు. అయినా రేపు పొద్దున రైలుకి వెళ్ళొద్దామని మా ఆయనతో అన్నాను, వస్తానన్నాడు. ఆ రోజుల్లోనైతే ఇంత దూరం వెళ్ళే పని ఉండేది కాదు, వాళ్ళ గోడకి ఇవతల నేనే ఉండేదాన్ని.